ఎర్రాయనకి రేకుల నీడ

ఆ రాళ్ళ యార్డులో పొద్దున్నే ఎవరూ ఉలి పట్టుకోరు. ముందు అందరూ గోడకి వీపు ఆనించి నిలబడాలి. తూర్పు చూసే పొడుగాటి ఇటుక గోడ అది, పూత ఎప్పుడో రాలిపోయింది. చేతులు చంకల్లో దోపుకుని, మెడలు భుజాల్లోకి లాక్కుని, వరసగా నిలబడి ఎండ కాగుతారు. టీ తాగేవాళ్ళు తాగుతారు, ఆవలించేవాళ్ళు ఆవలిస్తారు, నిన్న తగువు తేలనివాళ్ళు మళ్ళీ అక్కణ్ణుంచే అందుకుంటారు. మాటలు ఎటు పోయినా అందరి కళ్ళూ మాత్రం మధ్యమధ్య గోడ నడిమికి పోతుంటాయి. అక్కడ ఎర్రాయన నిలబడి ఉంటాడు.

ఎండ ముందుగా పడేది ఆ చోటే. కాసేపటికి ఆయన చెవి తమ్మెలు గులాబీ రంగుకి తిరుగుతాయి. తర్వాత మెడ, ఆ తర్వాత బుగ్గలు, ఆపైన బట్టతల మొత్తం పండుమిరపకాయలా ఎర్రబడుతుంది. చొక్కా కింద భుజాలు నీలంగా అవుతాయని ఇంట్లోవాళ్ళకి తెలుసు. సాయంత్రానికి రంగంతా దిగిపోయి, అందరిలాగే మట్టిరంగు మనిషై, చెప్పులు ఈడ్చుకుంటూ ఇంటికి పోతాడు.

కొందరికి పొట్ట వస్తుంది, కొందరికి బట్టతల వస్తుంది, రాళ్ళ యార్డు నడిపేవాడికి తల ఎర్రబడుతుంది. ఇందులో ముక్కున వేలేసుకోవాల్సిందేముంది? అవతలి వీధి యార్డులోనూ ఒకాయన ఉన్నాడు. ఆయనది కాస్త నారింజ. ఆ యార్డు పనీ అలాగే ఉంటుందని ఇవతలివాళ్ళ మూతివిరుపు.

ఎరుపు షోకు కోసం కాదు మరి. వీళ్ళు చేసేది మెట్లు, వంటగట్లు, గడపలు, సమాధుల మీద పేర్లు చెక్కే పలకలు. పెద్ద బండని చీల్చాలంటే వరసగా బెజ్జాలు వేసి, వాటిల్లో ఇనుప చీలలు దిగ్గొట్టాలి. ఎక్కడ మొదటి దెబ్బ పడాలో ఎర్రాయన బండ మీదకెక్కి చూస్తాడు. చూసి రెండుసార్లు తల ఆడిస్తాడు. అప్పుడు కొడితే బండ దారం పట్టి గీసినట్టు రెండుగా విచ్చుకుంటుంది. ఆయన తల ఆడించకుండా కొడితే అడ్డదిడ్డంగా పగిలి, గులకరాయికి ఎక్కువ, మెట్టుకి తక్కువ అవుతుంది. అందుకే గేటు దగ్గర బేరానికొచ్చినవాళ్ళు కూడా ముందు అడిగేది ఒకటే: "ఎర్రాయన ఎర్రబడ్డారా?"

ఎర్రాయనకి ఒక కొడుకు, ఒక కూతురు. కొడుకుని అందరూ పెద్దాడు అంటారు. వెనకాల మాత్రం "కాబోయే ఎర్రాయన" అంటారు. ఇరవై ఏళ్ళ వయసులో ఆ మాట వింటే పెద్దాడికి ఛాతీ పొంగేది. ఇప్పుడు జుట్టు నెరిసింది, మోకాలు పట్టేస్తోంది, అతను ఇంకా కాబోయేదగ్గరే ఉన్నాడు. ఆ రెండు మాటలూ ఎవరైనా అంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది. మండి ఎర్రబడినా బాగుండేది, అదీ లేదు.

ప్రపంచంలో పెద్దాడికి కావాల్సింది ఒక్కటే, ఆ ఎరుపు. పొద్దున గోడ దగ్గర తండ్రికి ఇద్దరి అవతల నిలబడి, తిండి డబ్బా మూత తుడుచుకుని, అందులో తన చెవులు చూసుకునేవాడు. ఇంటికెళ్ళాక భార్య ముందు వంగేవాడు.

"ఏమన్నా ఉందా?"

"ఇటు తిరగండి, వెలుతుర్లోకి. ఆఁ, చెవి వెనక కొంచెం..."

"ఎరుపేనా?"

"ఎరుపే. దోమ కుట్టింది."

ఆవిడ ఆ మాట వెటకారంగా అనలేదు, నిజంగా దుఃఖపడే అంది. పెళ్ళిచూపులనాడు ఆవిడకి కూడా కాబోయే ఎర్రాయన అనే చెప్పారు. కాబోయేవాడికి వండిపెట్టీ వండిపెట్టీ ఆవిడ చేతులు కాయలు కాచాయి.

ఎరుపు ఎలా చేతులు మారుతుందో తెలియనివాళ్ళు యార్డులో లేరు. ఉన్న ఎర్రాయనకి ఎదురుగా, అందరూ చూస్తుండగా, గోడ దగ్గర నిలబడాలి. కళ్ళల్లోకి చూడాలి. ఎవరు ముందు చూపు దించితే వాళ్ళు మట్టి. ఇప్పటి ఎర్రాయన తన తండ్రికి అలాగే ఎదురు నిలబడ్డాడు. మీసాలు కూడా సరిగ్గా రాని వయసులో నిలబడ్డాడని చెప్పుకుంటారు. పెద్దాడు కూడా ఎన్నోసార్లు రేపు నిలబడదామనుకున్నాడు. తీరా తెల్లవారి తండ్రి ఇటు తిరిగి "ఏరా, తిన్నావా?" అనేసరికి తల దానంతటదే కిందకి పోయేది. తండ్రి మీద గౌరవం అని తనకి తను చెప్పుకున్నాడు. భయానికి గౌరవం అని పేరు పెట్టుకుంటే అడిగేవాడెవడు?

మనుషులు నిలబడే గోడకి పైన, అంచు మీద తొండలు ఎండ కాగేవి. వాటిల్లోనూ ఎర్రతల నీలంఒంటిది ఒక్కటే, మిగతావన్నీ మట్టిరంగు. ఎర్రది గోడలో అన్నిటికంటే ఎత్తయిన ఇటుక పట్టుకుని, ముంగాళ్ళ మీద లేచి, పడి, లేచి, పడి, పహిల్వాను బస్కీలు తీసినట్టు తీసేది. ఇంకో మగది దగ్గరికొస్తే గొంతు కింద తిత్తి ఉబ్బించి తల ఆడించేది. వచ్చినది తల దించి పక్కకి పోతే సరి. పోకపోతే తోకలతో ఛెళ్ళున బాదుకునేవి, ఓడినది చూస్తుండగానే వెలిసిపోయేది. ఆడవి ఈ గోలంతా పట్టించుకోకుండా చీమల్ని ఏరుకు తినేవి, గుడ్లు పెట్టే వేళకి రాతిపొడి కుప్పలో గుంటలు తవ్వుకునేవి.

ముసలి మేస్త్రి వాటిని చూపించి నలుగురిలో జోకులేసేవాడు. "తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందంటారు. మన పెద్దాడు ముదురుతున్నాడు గానీ ఏమీ అవట్లేదు." గోడంతా నవ్వేది. ఎర్రాయన నవ్వేవాడు కాదు. కొడుకు వంక ఒకసారి చూసి, టీ గ్లాసు పక్కన పెట్టి, పనిలోకి నడిచేవాడు.

ఒకసారి లారీలో పెద్ద బండలు దిగాయి. చోటు లేక గోడకి ఓ కొస ఎదురుగా నిలువెత్తున పేర్చారు. దాంతో తొండల రాజుగారి ఇటుక నీడలో పడింది. అది మొండిది, చోటు వదల్లేదు. ఎండ ఉన్న కొసకి పోతే సరిపోయేదిగా! పోలేదు. రోజురోజుకీ రంగు తగ్గింది, బస్కీలు తగ్గాయి, ఆఖరికి ముక్కు ముందునుంచి చీమలబారు పోతున్నా నోరు తెరవలేనంత చల్లబడి అతుక్కుపోయింది. గోడకి ఆ చివర ఎండలో ఉన్న మట్టి తొండ ఒకటి, ఇన్నాళ్ళూ ఎవరూ లెక్కచెయ్యనిది, ఓ మధ్యాహ్నం నిప్పులాంటి తలతో కూర్చుని ఉంది. ఎవరితోనూ పోట్లాడలేదు, ఎవరి కళ్ళల్లోకీ చూడలేదు. పైదానికి ఎండ పోయింది, దీనికి ఎరుపు వచ్చింది.

పెద్దాడు ఆ తొండని చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. భోజనం కూడా మర్చిపోయాడు.

ఆ వారంలోనే రేకులు వచ్చాయి. నాలుగు ఇనప గొట్టాలు పాతి, గోడ నడిమిన, సరిగ్గా తండ్రి నిలబడే చోట పందిరి వేయించాడు పెద్దాడు. ఎండ ఏ వైపునుంచీ దూరకుండా తూర్పు పక్క ఇంకో రేకు దింపించాడు. కింద మెత్తటి కుర్చీ వేశాడు. కుర్చీ మీద దిండు కూడా. నక్కవినయం అంటే దిండుతో సహా ఉండాలి.

"ఎందుకురా ఇది?" అన్నాడు ఎర్రాయన.

"ఎండదెబ్బ తగుల్తుంది నాన్నా. వయసు మీదపడుతోంది కదా. ఇన్నాళ్ళూ నిలబడ్డారు, ఇక కూర్చోండి."

ఎర్రాయన రేకుల వంక చూశాడు. తర్వాత కొడుకు వంక చూశాడు. పెద్దాడు గొట్టం గట్టిగా ఉందో లేదో ఊపి చూడ్డంలో పడిపోయాడు. తండ్రి ఇంకేం అడక్కుండా వెళ్ళి దిండు సర్దుకుని కూర్చున్నాడు.

ఆ రోజు మొదలు గేట్లోకి ఎవరొచ్చినా ఆయన పిలిచి చెప్పేవాడు. "మావాడు కట్టించాడయ్యా. నాకు ఎండదెబ్బ తగుల్తుందని." వచ్చినవాళ్ళు కొడుకంటే ఇలా ఉండాలని మెచ్చుకునేవాళ్ళు. పెద్దాడు తేలు కుట్టిన దొంగలా పళ్ళు బిగించి నవ్వేవాడు.

రంగు ముందు భుజాల దగ్గర పోయింది. తర్వాత మెడ పాలిపోయింది. ఎర్రాయన మాట నెమ్మదించింది. గ్లాసు ఎత్తడానికి చెయ్యి చాపితే, చెయ్యి వెళ్ళేలోపు టీ చల్లారిపోయేది. పెట్టిన తిండి పెట్టినట్టే కడుపులో ఉండిపోయి, మర్నాటికి కూడా త్రేన్పుల్లో అదే వాసన వచ్చేది. వేడి లేని కడుపులో మెతుకు అరగదు. కోడలు మాత్రం మామగారికి రోజూ వేళకి ముద్దలు కలిపి పంపించేది. ఆవిడ భక్తిలో లోపం లేదు.

ఇది ముందుగా కనిపెట్టింది కూతురు. ఆమె ఉండేది పాలిష్ షెడ్డులో. కిటికీ లేని గది, కింద ఎప్పుడూ చీలమండ దాకా నీళ్ళు, చేతిలో రుద్దుడు రాయి. పొద్దున అందరికంటే ముందే నీళ్ళు వదలాలి కాబట్టి గోడ దగ్గర నిలబడ్డానికి ఆమెకి ఏనాడూ కుదర్లేదు. ఆడవాళ్ళు నిలబడకూడదని ఎవరూ అనలేదు, కుదర్లేదంతే. పెళ్ళి మాట ఎత్తినప్పుడల్లా ఏదో పెద్ద ఆర్డరు అడ్డం వచ్చేది. అలా అలా నలభై దాటేసింది. వేళ్ళ చివర్లు ఏడాది పొడుగునా నానిపోయి ముడతలు పడి ఉండేవి.

ఆమె తండ్రికి మంచినీళ్ళు ఇవ్వబోయి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి తన షెడ్డులో బండకంటే చల్లగా ఉంది.

"నాన్నా, లే. ఇటు ఎండలోకి రా."

"వద్దమ్మా. వాడు కష్టపడి కట్టాడు."

"కడితే కట్టాడు, నువ్వు చల్లబడిపోతున్నావు!"

"వాడు... మనసు కష్టపెట్టుకుంటాడు," అన్నాడాయన. ఆ కాస్త మాటకి ఆయనకి చాలాసేపు పట్టింది.

ఆమె తడి చేతులు తుడుచుకుంటూ అన్న దగ్గరికెళ్ళింది.

"అన్నయ్యా, ఆ రేకులు తీయించు."

"నీకేం తెలుసు? డాక్టరు ఎండలో తిరగొద్దన్నాడు."

"ఏ డాక్టరు?"

"ఏ డాక్టరైనా అదే అంటాడు."

"నాన్నని ఏ డాక్టరైనా చూశాడా అసలు?"

"పాలిష్ చూసుకోవే, పో. మెట్ల మీద గీతలు కనబడుతున్నాయని నిన్న కూడా కంప్లెయింట్ వచ్చింది."

అలాంటి కంప్లెయింట్ ఏదీ రాలేదు. అయినా ఆమె వెళ్ళిపోయింది. అప్పటికింకా ఆమె అన్నమాటకి ఎదురు చెప్పని చెల్లెలే.

ఒక పొద్దున ఎర్రాయన తల అస్సలు ఎర్రబడలేదు. గోడకి నిలబడ్డవాళ్ళు టీలు తాగేశారు, రెండోసారి తెప్పించుకుని అవీ తాగేశారు. రేకుల కింద కుర్చీలో మట్టిరంగు ముసలాయన ఒకాయన కళ్ళు మూసుకుని కూర్చుని ఉన్నాడు. పెద్దాడు నెమ్మదిగా నడిచొచ్చి, రేకుల పక్కన ఎండ బాగా పడేచోట, ముందు వరసలో నిలబడ్డాడు. మొహం సూర్యుడి మీదకి ఎత్తాడు. ఈపాటికి ఆ తొండకి వచ్చేసింది, అనుకున్నాడు.

చెమట పట్టింది. ముక్కు మీద తోలు ఊడింది. ఎరుపు రాలేదు.

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. యార్డు పని కుక్కలు చింపిన విస్తరి అయింది. ఇద్దరు ఒకే బండని చెరో పక్కకి లాగారు. గడపలు వంకర తిరిగాయి. సమాధి పలక ఒకటి చనిపోయినావిడ పేరు మధ్యలోంచి పగిలితే, వాళ్ళబ్బాయి గేటు దగ్గర నిలబడి నోటికొచ్చినట్టు తిట్టిపోయాడు. ఇక ఒక పెద్ద భవనానికి మెట్లన్నీ వీళ్ళే ఇవ్వాలి. దానికోసం తెచ్చిన బండ యార్డు మధ్యలో ఏనుగులా పడుకుని ఉంది. దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు.

"ఎన్నాళ్ళు చూస్తారండీ?" అంది పెద్దాడి భార్య. "వస్తే గానీ చెయ్యరా? చేస్తే వస్తుందేమో!"

ఆ మాట పట్టుకుని పెద్దాడు మర్నాడు బండెక్కాడు. మేస్త్రి, పనివాళ్ళు సుత్తులు పట్టుకుని చుట్టూ నిలబడ్డారు. పెద్దాడు తండ్రిలాగే ముందుకి వంగాడు, తండ్రిలాగే బండ నిమిరాడు, ఒక చోట కాలు పెట్టి రెండుసార్లు తల ఆడించాడు. మేస్త్రి ఆ మట్టిరంగు తలని చూసి సుత్తి ఎత్తలేక దించలేక అలాగే ఉండిపోయాడు.

"కొట్టవేం?" అరిచాడు పెద్దాడు. "కొట్టు!"

ఆ అరుపుకి షెడ్డులోంచి చెల్లెలు బయటికొచ్చింది. పాలిష్‌కి రాళ్ళు రాక, ఆమె షెడ్డులో పేరుకున్న బురద ఎత్తిపోస్తోంది. చీర కుచ్చెళ్ళు దోపుకునే ఉంది, మోచేతుల దాకా రాతి బురద.

"అక్కడ కాదు," అంది.

"నువ్వు లోపలికి పో."

"అక్కడ కొడితే మూడు ముక్కలవుతుంది, మేస్త్రి కాలి మీద పడుతుంది. దిగు అన్నయ్యా."

"లోపలికి పొమ్మన్నానా?"

ఆమె పోలేదు. బండెక్కి అతనికి ఎదురుగా నిలబడింది. ఆమె వెనకనుంచి ఎండ పడుతోంది, అతని కళ్ళల్లో పడుతోంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దాడికి, తను రోజూ చెయ్యాలనుకుని ఎన్నడూ చెయ్యనిది ఇదేనని, అది ఇప్పుడు జరిగిపోతోందని తెలిసింది. చూపు నిలపాలి, అంతే, ఒక్క నిమిషం నిలపాలి, అనుకున్నాడు. అనుకుంటూనే కళ్ళు దించేశాడు. ఎదురుగా బురద కొట్టుకున్న ఆమె పాదాలు కనబడ్డాయి.

తల ఎత్తేసరికి చెల్లెలి చెవులు ఎర్రబడ్డాయి. మెడ ఎర్రబడింది. నెరుస్తున్న పాపిట మీదుగా ఎరుపు పైకి పాకింది. ఆమెకి తెలియదు, ఆమె బండవైపే చూస్తోంది. నాలుగడుగులు పక్కకి వేసి, వంగి, రెండుసార్లు తల ఆడించింది.

"ఎక్కడమ్మా? ఇక్కడేనా?" అన్నాడు మేస్త్రి, పుట్టినప్పట్నుంచీ ఆమెనే అడుగుతున్నట్టు.

సుత్తులు పడ్డాయి. బండ విచ్చుకుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, నోరు వెళ్ళబెట్టలేదు. రెండో చీల ఎక్కడ పెట్టాలని అడిగారు.

పెద్దాడు బండ దిగి రేకుల కిందికెళ్ళాడు. తండ్రి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. చిన్నపిల్లాడు బొమ్మ లాక్కున్నారని చెప్పుకున్నట్టు చెప్పుకున్నాడు.

"దానికి వచ్చింది నాన్నా."

తండ్రి కళ్ళు తెరవడానికి టైము పట్టింది. "నీకు?"

"నాకు రాలేదు."

"అస్సలు... రాలేదా?"

"లేదు నాన్నా."

బయట సుత్తుల చప్పుడు ఒకే లయలో వినబడుతోంది. అది వింటూ ఆయన పెదాలు కదిలాయి. పెద్దాడు చెవి దగ్గర పెట్టాడు.

"మరి నేనెందుకురా... ఇన్నాళ్ళు... ఈ నీడలో కూర్చుంది?"

పెద్దాడికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళు చల్లబడింది.

"మీకు... తెలుసా?"

"ఎర్రాణ్ణి రా నేను. ఎండ తీసేస్తే ఏమవుతుందో నాకు తెలీదా? నువ్వు గొట్టాలు పాతిన రోజే తెలుసు." ఊపిరి అందక ఆగాడు. "ఎదురుగా వచ్చి నిలబడతావని చూశా. కళ్ళు కాయలు కాచాయి. ఒక్కసారి నిలబడితే నేనే దించేసేవాణ్ణి. నువ్వు రాలేదు. రేకులు తెచ్చావు. సరే, వీడికి చేతనైంది ఇదే, ఇలాగైనా వీడికి వస్తే రానీ అని కూర్చున్నా."

"నాన్నా..."

"ఇదీ చేతకాలేదా నీకు?"

ఆ మాటలో కోపం లేదు. కోపం తెచ్చుకునేంత వేడి ఆయన ఒంట్లో మిగల్లేదు. పెద్దాడు ఏడ్చాడు. ఎందుకు ఏడుస్తున్నాడో, తండ్రి కోసమో ఎరుపు కోసమో అతనికే తేలలేదు. సిగ్గుచేటు, అప్పుడు కూడా ఎరుపు కోసమే ఎక్కువ.

ఆ సాయంత్రమే చెల్లెలు మేస్త్రిని తోడు తీసుకుని రేకులు పీకేయించింది. తండ్రి కుర్చీని మోసుకెళ్ళి ఎండలో పెట్టించింది. రోజూ ఎండ ఎటు జరిగితే కుర్చీ అటు జరిగేది. ఆయన మొహంలోకి కాస్త తేట వచ్చింది, రెండు ముద్దలు అరిగాయి, ఒక పూట మేస్త్రిని పేరుపెట్టి కూడా పిలిచాడు. కానీ లోపలికంటా చల్లబడ్డ రాయి పైన పడే ఎండకి కాగదు. మిట్టమధ్యాహ్నం, ఎండ నడినెత్తిన ఉండగా, కుర్చీలోనే పోయాడు. చూసినవాళ్ళు నిద్రపోతున్నాడనే అనుకున్నారు. తల చివరిదాకా మట్టిరంగే.

సమాధి పలక కూతురే చెక్కించింది. ఏ బండ, ఎక్కడ చీల్చాలి, అక్షరం ఎంత లోతుండాలి అన్నీ తనే నిలబడి చెప్పింది. పెద్దాణ్ణి ఎవరూ ఏదీ అడగలేదు.

ఆ తర్వాత ఒక పొద్దున, అందరూ గోడకి నిలబడి ఉన్నారు. చెల్లెలు నడిమిన ఉంది. ఎరుపు ఎక్కడం మొదలైంది. మామగారు పోయాక పెద్దాడి భార్య కూడా పొద్దున్నే యార్డుకొస్తోంది. ఎప్పుడు జరిగిందో ఏమో, వరసలో మొగుడి పక్కనుంచి ఆడబిడ్డ పక్కకి చేరి, ఆమెకి టీ అందిస్తోంది. ఆవిణ్ణి తప్పు పట్టడానికి లేదు. ఎండ అటు ఉంది.

"అన్నయ్యా," అంది చెల్లెలు. గొంతు మామూలుగానే ఉంది. "షెడ్డులో మెట్లన్నీ పాలిష్ కాకుండా ఆగిపోయాయి. నువ్వు చూసుకో."

"నేనా? ఈ ఒక్క ఆర్డరుకేనా?"

"చూసుకో."

"మరి పొద్దున గోడ దగ్గరికి..."

"నీళ్ళు ముందే వదలాలి కదా. కుదరదు."

నాన్నకి నువ్వు చేసింది నాకు తెలుసు అని ఆమె అనలేదు. అని ఉంటే అతను కాళ్ళు పట్టుకునేవాడు, కాసేపు ఏడ్చేవాడు, ఏదో ఒకటి బతిమాలుకునేవాడు. ఆమె అతని వైపు చూసింది, అంతే. ఒకప్పుడు అన్న చొక్కాకి గుండీ ఊడితే పరిగెత్తుకొచ్చి కుట్టిన చెల్లెలు ఆ చూపులో ఎక్కడా లేదు. పెద్దాడి కాళ్ళు మనసుకంటే ముందే కదిలాయి. గోడ పొడుగునా అందరూ కాస్త వెనక్కి జరిగి అతనికి దారి ఇచ్చారు. గౌరవంతో కాదు, అతనికింకా అంటని రాతి బురద అప్పుడే తమ చొక్కాలకి అంటుతుందేమోనని.

షెడ్డులో నీళ్ళు ఎముక కొరికేంత చల్లగా ఉన్నాయి. ఇన్నేళ్ళలో ఆ గదిలోకి తను పట్టుమని పది నిమిషాలు కూడా వచ్చి నిలబడలేదు. గోడకి ఒక మేకు, మేకుకి ఆమె వదిలేసిన పాత తువ్వాలు. కూర్చోడానికి ఒక రాయి. ఒక మనిషిని చెల్లెలు అని పిలుస్తూ ఇక్కడ ఎలా ఉంచాం, అనుకున్నాడు. అనుకుని రుద్దుడు రాయి పట్టుకున్నాడు.

యార్డు బాగా నడిచింది. మునుపటికంటే బాగా నడిచిందంటే పోయినాయనకి చిన్నతనం గానీ, నిజం అదే. దూరంనుంచి కూడా జనం వచ్చేవాళ్ళు. అలా వచ్చిన కొత్తాయన ఒకాయన, తన మెట్లు ఎంతవరకు వచ్చాయో చూసుకుందామని షెడ్డు గుమ్మం దాకా వచ్చి లోపలికి తొంగిచూశాడు. చీకట్లో వంగి రాయి రుద్దుతున్న మనిషి కనబడ్డాడు. మొహం తీరు, ముక్కు, నుదురు చూసి ఆయనకి అనుమానం వచ్చింది.

"లోపలున్నాయన ఎవరండీ? ఈ ఇంటి మనిషిలా ఉన్నారే?"

ముసలి మేస్త్రి లోపలికి ఒకసారి చూశాడు. అతని మనసులో వెటకారమేమీ లేదు, ఈమధ్య ఎవరి మీదా జోకులు కూడా వెయ్యడం లేదు.

"ఎవరూ కాదండీ," అన్నాడు. "పాలిష్ చేస్తాడు. రండి, అమ్మగారు అటు ఎండలో ఉన్నారు."

లోపల పెద్దాడికి ఆ మాట వినబడింది. చెయ్యి ఆపలేదు. ఆ మెట్టు సాయంత్రానికి కావాలన్నారు.